మంగళ్‌యాన్‌కు మూఢం వచ్చిన వేళ

మూఢం వచ్చిందంటే మన ఇళ్లలో హడావుడి సద్దుమణుగుతుంది. పెళ్లి మాటలు ఆగిపోతాయి. గృహప్రవేశాలు వాయిదా పడతాయి. కల్యాణ మండపాలు బోసిపోతాయి. గురుడో శుక్రుడో ఆకాశంలో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో కనిపించకుండా పోయే రోజులను మౌఢ్యమి అంటుంది పంచాంగం. 'మంచిరోజులు వచ్చాక చూద్దాంలే' అనుకుంటారు పెద్దవాళ్లు.

గ్రహాలకు వ్యోమనౌకలను పంపే శాస్త్రవేత్తలకూ ఇలాంటి మూఢం ఒకటి ఉంది. వాళ్లది ముహూర్తాల గొడవ కాదు. కారణం మాత్రం అదే... గ్రహం సూర్యుడి చాటుకు వెళ్లడం!

2015 జూన్‌లో మన మంగళ్‌యాన్‌కు సరిగ్గా అదే జరిగింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరి, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరిన నౌక అది. తొమ్మిది నెలలు తిరిగేసరికి భూమి ఇటుపక్క, అంగారకుడు అటుపక్క, నడిమధ్యన సూర్యుడు వచ్చి నిలిచాడు. దూరం సుమారు 38 కోట్ల కిలోమీటర్లు. అక్కడినుంచి బయల్దేరిన రేడియో సంకేతం బెంగళూరు దగ్గరి బ్యాలాలు కేంద్రానికి చేరడానికి 21 నిమిషాలకు పైనే పడుతుంది. పైగా దారిలో సూర్యుడి పక్కనుంచి రావాలి. ఆ దారి మామూలు దారి కాదు. సంకేతం తడబడుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి చెదిరిపోతుంది.

అలాంటప్పుడు నౌకకు ఆదేశాలు పంపితే? అవి తప్పుగా చేరే ప్రమాదం ఉంది. 450 కోట్ల రూపాయల ప్రాజెక్టును ఒక్క తప్పుడు ఆదేశం ఏ గతి పట్టిస్తుందో! అందుకే దాదాపు రెండు వారాలపాటు ఆదేశాలు ఆపేశారు. 'నీ జాగ్రత్త నువ్వే చూసుకో' అన్నట్లు నౌకను స్వయంచాలక పద్ధతిలో వదిలేశారు. సుమారు 26 నెలలకోసారి వచ్చే ఈ గండం అంగారకుడి చుట్టూ తిరిగే ప్రతి నౌకకూ తప్పదు. అమెరికా వాళ్లూ ఆ రోజుల్లో తమ నౌకలకు ఆదేశాలు నిలిపేస్తారు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మంగళ్‌యాన్ నుంచి తడబడుతూ వచ్చిన ఆ సంకేతాన్ని మనవాళ్లు పనికిరానిదని పారేయలేదు. మే, జూన్ నెలల్లో బ్యాలాలులోని 32 మీటర్ల డిష్ యాంటెన్నాతో జాగ్రత్తగా రికార్డు చేసి పెట్టుకున్నారు. ఆ యాంటెన్నా మన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల పనితనమే. ఎందుకు దాచుకున్నారంటే... సంకేతం ఎంత వణికిందో లెక్కగడితే, దాన్ని వణికించిన గాలి గుట్టు తెలుస్తుంది కాబట్టి!

ఎవరూ నమ్మని గాలి

సూర్యుడి దగ్గర గాలేమిటి? మనం పీల్చే గాలి కాదది. విద్యుదావేశంతో ఉండే ఎలక్ట్రాన్లు, ప్రోటాన్ల ప్రవాహం. దాన్నే సౌర పవనం అంటారు. సెకనుకు సుమారు పది లక్షల టన్నులకు పైగా పదార్థం ఇలా సూర్యుడి నుంచి అన్ని దిక్కులకూ ఎగిరిపోతుంటుంది. అంత పోతున్నా సూర్యుడికి లెక్కలోకి రాదు. భూమి దగ్గరికి వచ్చేసరికి ఈ గాలి వేగం సాధారణంగా సెకనుకు 400 కిలోమీటర్లు. ఒక్కోసారి 800 కూడా దాటుతుంది. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి రెండు సెకన్లలోపే చేరే వేగమన్నమాట! అయినా సూర్యుడి నుంచి మన దాకా 15 కోట్ల కిలోమీటర్లు రావడానికి దానికి నాలుగు రోజులు పడుతుంది.

ఇలాంటి గాలి ఒకటి ఉందంటే మొదట్లో శాస్త్రవేత్తలే నమ్మలేదు. తోకచుక్కల తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే ఎందుకుంటుందని 1951లో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ బియర్మన్ ఆలోచించారు. సూర్యుడి నుంచి ఏవో కణాలు వచ్చి తోకను నెడుతున్నాయని తేల్చారు. 1958లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న యూజీన్ పార్కర్, ఆ కణాలు ధ్వనిని మించిన వేగంతో నిరంతరం వీస్తుంటాయని లెక్కలు వేసి ఓ వ్యాసం రాశారు. అప్పటికి ఆయన వయసు 30 ఏళ్లే. వ్యాసాన్ని పరిశీలించిన ఇద్దరు నిపుణులూ 'ఇది కుదరదు' అని తిప్పికొట్టారు.

ఆ పత్రికకు సంపాదకుడు ఎవరనుకున్నారు? మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్! తర్వాత 1983లో నోబెల్ అందుకున్నాయన. ఆయనకూ పార్కర్ ఆలోచన మీద అంత గురి లేదు. కానీ లెక్కల్లో తప్పు ఎక్కడా కనిపించలేదు. తప్పు లేనిదాన్ని ఎలా ఆపుతాం అనుకుని వ్యాసం అచ్చువేశారు. మరుసటి ఏడాదే సోవియట్ నౌక లూనా-1 ఆ కణాల ఆచూకీ పట్టింది. 1962లో శుక్రుడి వైపు వెళ్తూ అమెరికా నౌక మారినర్-2 ఆ గాలి ఆగకుండా వీస్తూనే ఉందని రుజువు చేసింది.

గాలి ఉందని తేలింది. మరి అది అంత వేగం ఎక్కడ పుంజుకుంటోంది? అదే పెద్ద చిక్కుముడి.

పొయ్యికి దూరంగా జరిగితే...

పొయ్యికి దూరంగా జరిగేకొద్దీ వేడి తగ్గాలి. సూర్యుడి దగ్గర వ్యవహారం తలకిందులు. ఉపరితలం మీద వేడి సుమారు 5,500 డిగ్రీలు. ఇంకా పైకి వెళితే ఓ పల్చటి పొర... సంపూర్ణ గ్రహణం రోజున నల్లటి బింబం చుట్టూ తెల్లటి కిరీటంలా కనిపిస్తుంది. కిరీటం అనే అర్థంలోనే దానికి కరోనా అని పేరు. వైరస్‌కు ఆ పేరు వచ్చిందీ కిరీటం లాంటి రూపం వల్లే. సూర్యుడి కరోనాలో వేడి పది లక్షల డిగ్రీలను మించుతుంది! ఆ వేడి ఎక్కడినుంచి వస్తోంది? సౌర పవనం పుట్టి వేగం అందుకునేదీ ఆ ప్రాంతంలోనే. దగ్గరికి వెళ్లి చూద్దామంటే నౌక కాలి బూడిదవుతుంది.

వెళ్లలేని చోటికి చూపును పంపాలి. ఇక్కడే రేడియో సంకేతం ఉపాయం అక్కరకొచ్చింది.

తారురోడ్డు మీద బస్సు

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద దూరంగా వస్తున్న బస్సును గమనించారా? అలలు అలలుగా కదులుతున్నట్లు కనిపిస్తుంది. ఊగేది బస్సు కాదు. మధ్యలో ఉన్న వేడిగాలి. బస్సు ఎంతగా ఊగినట్లు కనిపిస్తే దారిలో గాలి అంతగా కలబడుతోందన్నమాట. రోడ్డు దాకా వెళ్లకుండానే నీడన కూర్చుని ఆ సంగతి చెప్పేయొచ్చు.

మంగళ్‌యాన్ విషయంలోనూ జరిగింది అదే. బస్సు స్థానంలో నౌక. వేడిగాలి స్థానంలో కరోనా. కంటి స్థానంలో బ్యాలాలు యాంటెన్నా.

నౌక పంపిన రేడియో తరంగం సెకనుకు 229 కోట్ల సార్లు కంపిస్తుంది. దీన్నే ఎస్-బ్యాండ్ అంటారు. ఖాళీ అంతరిక్షంలో అయితే ఆ లెక్క మారదు. కానీ తరంగం ఎలక్ట్రాన్ల గుంపులోంచి రావాల్సి వస్తే దాని నడకలో తేడా వస్తుంది. గుంపు చిక్కగా ఉంటే ఒకలా, పల్చగా ఉంటే ఇంకోలా. చిక్కటి మేఘం ఒకటి దారికి అడ్డంగా దూసుకుపోతే కంపనాల సంఖ్య కాస్త పెరిగి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే శాస్త్రవేత్తలకు కావాల్సింది.

ఇందులో ఓ ఇబ్బంది ఉంది. నౌక అంగారకుడి చుట్టూ తిరుగుతోంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది. ఆ కదలికల వల్లా కంపనాల లెక్క మారుతుంది. రైలు దగ్గరికొస్తుంటే కూత ఒకలా, దాటిపోతుంటే ఇంకోలా వినిపించినట్లు. అందుకని ముందు నౌక కక్ష్యనూ భూమి కదలికనూ లెక్కగట్టి, వాటివల్ల వచ్చిన మార్పును తీసేస్తారు. తర్వాత మిగిలిందే సూర్యుడి గాలి చేసిన అల్లరి.

రెండు వేర్వేరు కంపనాలతో ఒకేసారి సంకేతాలు పంపగలిగితే పని ఇంకా సులువు. తక్కువ కంపనాల తరంగాన్ని ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఆలస్యం చేస్తాయి, ఎక్కువ కంపనాలదాన్ని తక్కువగా. సెకనుకు 840 కోట్ల సార్లు కంపించే ఎక్స్-బ్యాండ్‌తో పోలిస్తే ఎస్-బ్యాండ్ సంకేతానికి ఆలస్యం దాదాపు 13 రెట్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో తెలిసిపోతుంది.

మరి గాలి వేగం? దానికీ ఓ చక్కటి కిటుకు ఉంది. పొలాల మీదుగా మబ్బు నీడ పరిగెత్తడం చూస్తుంటాం. ఒక ఊరి చెరువుగట్టు మీద నీడ పడిన కాసేపటికి పక్క ఊరి గట్టు మీద పడుతుంది. రెండు గట్ల మధ్య దూరం, పట్టిన సమయం తెలిస్తే మబ్బు వేగం చెప్పొచ్చు. అలాగే దూరదూరంగా ఉన్న రెండు యాంటెన్నాలు ఒకే నౌక సంకేతాన్ని వింటాయి. ఒకదాంట్లో కనిపించిన మిణుకు క్షణం తేడాతో రెండోదాంట్లో కనిపిస్తుంది. ఆ తేడాతో గాలి వేగం కట్టేస్తారు.

ఈ మిణుకును మొదట చూసింది నౌకల్లో కాదు, ఆకాశంలోని రేడియో మూలాల్లోనే. 1964లో కేంబ్రిడ్జిలో ఆంటొనీ హ్యూయిష్ బృందం దాన్ని పట్టుకుంది. ఆ మిణుకుల కోసమని కట్టిన యాంటెన్నాల్లోనే 1967లో జోసెలిన్ బెల్ అనే విద్యార్థినికి పల్సర్ నక్షత్రం దొరికింది. వెతికింది ఒకటైతే దొరికింది మరొకటి! మన దేశంలోనూ 1970 నుంచి ఊటీ కొండ వాలు మీద 530 మీటర్ల పొడవున్న రేడియో టెలిస్కోప్ ఇలాంటి మిణుకులను వింటూ వచ్చింది.

నౌకల సంకేతాలతో చూడటమూ అప్పుడే మొదలైంది. 1968లో అమెరికా నౌక పయొనీర్-6 సూర్యుడి వెనక్కు వెళ్లినప్పుడు దాని సంకేతం కరోనాలో పడి మెలితిరగడం గమనించారు. దాన్నిబట్టి అక్కడి అయస్కాంత క్షేత్రం గురించి అంచనాకు వచ్చారు. 1974, 1976లలో ప్రయోగించిన హీలియోస్ నౌకలు ఆ పనిని ముందుకు తీసుకెళ్లాయి.

గురి తప్పిన 'వేకువ'

ఈ పరిశోధనల్లో మనసుకు హత్తుకునే కథ జపాన్ వాళ్లది. 2010లో శుక్రుడి దగ్గరికి 'అకట్సుకి' అనే నౌకను పంపారు. ఆ మాటకు వేకువ అని అర్థం. ఆ ఏడాది డిసెంబరు 7న శుక్రుడి కక్ష్యలోకి ప్రవేశించాల్సిన వేళ ప్రధాన ఇంజిన్ మొరాయించింది. నౌక శుక్రుణ్ని దాటి ముందుకెళ్లిపోయి సూర్యుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి పడిన కష్టం కళ్లముందే చేజారిపోయింది.

జపాన్ శాస్త్రవేత్తలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2011 జూన్, జులై నెలల్లో ఆ నౌక భూమినుంచి చూస్తే సూర్యుడి వెనగ్గా వెళ్తుందని లెక్కల్లో తేలింది. 'శుక్రుడు దొరక్కపోతే సూర్యుణ్నే చూద్దాం' అనుకున్నారు. నౌకలో ఎంతో నిలకడగా కంపించే పరికరం ఉంది. జపాన్‌లోని ఉసుడాలో 64 మీటర్ల యాంటెన్నా ఉంది. ఇంకేం కావాలి?

సూర్యుడి వ్యాసార్థాన్ని ఒక కొలగా తీసుకుంటే, కేంద్రం నుంచి ఒకటిన్నర కొలల దూరంనుంచి 20 కొలల దూరం దాకా ఆ సంకేతం కరోనాను జల్లెడ పట్టింది. ఒకటిన్నర కొలలంటే సూర్యుడి ఉపరితలానికి కేవలం మూడున్నర లక్షల కిలోమీటర్లు. మన భూమికి చంద్రుడెంత దూరమో అంతకన్నా దగ్గరన్నమాట! దగ్గర్లో నెమ్మదిగా ఉన్న గాలి దూరం వెళ్లేకొద్దీ వేగం పుంజుకోవడం అందులో కనిపించింది. ధ్వని తరంగాల్లాంటి అలలూ బయటపడ్డాయి. కరోనా వేడెక్కడంలో, గాలి వేగం అందుకోవడంలో వాటి పాత్ర ఉండొచ్చని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆ నౌక కథ అక్కడితో అయిపోలేదు. సరిగ్గా అయిదేళ్లకు, 2015 డిసెంబరు 7న చిన్న ఇంజిన్ల సాయంతో శుక్రుడి కక్ష్యలోకి చేరి ఎనిమిదేళ్లకు పైగా పనిచేసింది.

మంగళ్‌యాన్ ఏం చెప్పింది?

మన నౌక సంకేతం 5 కొలలనుంచి 39 కొలల దూరం దాకా కరోనాను పరిశీలించింది. అంటే సూర్యుడి కేంద్రం నుంచి సుమారు 35 లక్షల కిలోమీటర్ల నుంచి 2 కోట్ల 70 లక్షల కిలోమీటర్ల దాకా. ఆ రికార్డులను మన అంతరిక్ష శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి విశ్లేషించి, 2022లో బ్రిటన్‌కు చెందిన రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ఫలితాలు ప్రకటించారు.

వాటి సారాంశం ఇదీ. గోదావరి వరదలో పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్నవిగా విడిపోతుంటాయి. పెద్దవాటి శక్తి చిన్నవాటికి ఓ క్రమంలో అందుతుంది. ఆ క్రమం ఎలా ఉంటుందో 1941లోనే రష్యా గణితవేత్త కొల్మొగొరోవ్ లెక్కగట్టారు. సూర్యుడికి పది కొలల లోపల వీచే గాలిలో ఆ క్రమం ఇంకా కుదురుకోలేదని మంగళ్‌యాన్ సంకేతం చెప్పింది. గాలి వేగం అందుకునే ప్రాంతం అదే. పది కొలలు దాటాక సుడులు ఆ రష్యా గణితవేత్త చెప్పిన దారిలోకి వచ్చాయి. గాలి తయారయ్యే చోటు, తయారై ప్రయాణమయ్యే చోటు... రెండింటి మధ్య గీత ఎక్కడుందో సూచనగా తెలిసిందన్నమాట. అదీ సూర్యుడు గత వందేళ్లలోకెల్లా మందకొడిగా ఉన్న చక్రాల్లో ఒకటి నడుస్తున్న రోజుల్లో.

ఒకరికి కలుపు, ఒకరికి పంట

ఈ వణుకే వద్దనుకునే వాళ్లూ ఉన్నారు. 2002లో శనిగ్రహం వైపు వెళ్తున్న కాసినీ నౌక సూర్యుడి వెనక్కు వచ్చినప్పుడు, ఇటలీ శాస్త్రవేత్తలు ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించారు. సూర్యుడి గురుత్వం రేడియో తరంగాన్ని ఎంత ప్రభావితం చేస్తుందో వాళ్లకు కావాలి. కరోనా వణుకు అడ్డం. అందుకే వేర్వేరు కంపనాల సంకేతాలు వాడి కరోనా ప్రభావాన్ని కలుపు మొక్కలా ఏరిపారేశారు. ఐన్‌స్టీన్ మాట నిజమేనని లక్షలో రెండు పాళ్ల కచ్చితత్వంతో 2003లో తేల్చారు. వాళ్లు ఏరిపారేసిన కలుపే సౌర పవనాన్ని చదివేవాళ్లకు పంట.

మనకెందుకీ గొడవ?

ఎక్కడో సూర్యుడి దగ్గర గాలి వీస్తే మనకేమిటి అనిపించొచ్చు. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 60 లక్షల మంది సుమారు తొమ్మిది గంటలపాటు చీకట్లో గడిపారు. సూర్యుడి నుంచి వచ్చిన తుపాను భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసి కరెంటు గ్రిడ్‌ను కూల్చింది. 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు సౌర తుపానుకే పై వాతావరణం ఉబ్బి, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 నేలరాలాయి. 2024 మే నెలలో వచ్చిన తుపానుకు లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం రాత్రివేళ ఎర్రబారింది. బ్యాంకు లావాదేవీలు, విమానాల రాకపోకలు, ఫోన్లో దారి చూపే మ్యాపు... వీటిలో చాలావాటికి ఉపగ్రహాలే ఆధారం. బంగాళాఖాతంలో వాయుగుండం ఎక్కడ పుట్టి ఎటు కదులుతోందో ముందే తెలిస్తే తీరంలోని జాలర్లను అప్రమత్తం చేస్తాం కదా. ఇదీ అంతే.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచే బయల్దేరిన ఆదిత్య-ఎల్1 ఆ కాపలా కోసమే 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలబడింది. గాలి అక్కడికి వచ్చాక కొలుస్తుంది. అక్కడినుంచి మనల్ని చేరడానికి గాలికి పట్టేది మామూలుగా గంటే. ఇంకాస్త ముందే తెలియాలంటే గాలి పుట్టే చోటి స్వభావం అర్థం కావాలి.

అందుకోసమే అమెరికా 2018లో ఓ నౌకను సూర్యుడి దగ్గరికే పంపింది. ఒకప్పుడు ఎవరూ నమ్మని పార్కర్ పేరే దానికి పెట్టారు. 91 ఏళ్ల వయసులో ఆ ప్రయోగాన్ని ఆయన కళ్లారా చూశారు. 2022 మార్చిలో కన్నుమూశారు. ఆ నౌక 2024 డిసెంబరు 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వెళ్లొచ్చింది. మనిషి చేసిన వస్తువేదీ అంత దగ్గరికి వెళ్లలేదు. అదైనా కేంద్రం నుంచి దాదాపు పది కొలల దూరమే! అంతకన్నా లోపలి సంగతి తెలియాలంటే ఇప్పటికీ దూరం నుంచి చూడాల్సిందే. అందులో వణికే రేడియో సంకేతం ఒక నమ్మకమైన సాధనం. దీనికి కొత్త నౌక అక్కర్లేదు. వేరే పనిమీద వెళ్లిన నౌకలే సూర్యుడి చాటుకు వెళ్లినప్పుడల్లా ఈ పనీ చేసిపెడతాయి. కావాల్సిందల్లా నేల మీద ఓ మంచి యాంటెన్నా, ఓపిగ్గా వినే మనుషులు.

ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్న మంగళ్‌యాన్ ఏడున్నరేళ్లు పనిచేసి, 2022 ఏప్రిల్‌లో మూగబోయింది. ఇక దానితో సంబంధాలు కుదరవని అదే ఏడాది అక్టోబరులో ఇస్రో ప్రకటించింది. సూర్యుడి గాలిలో వణికిన దాని మాటలు అచ్చయిందీ ఆ ఏడాదే.